బీరప్ప మేస్త్రి తీసిన దిష్టి

ధర్మపురిలో సేలం రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మోటారు బండ్లు బాగుచేసే బీరప్ప మేస్త్రికి ఒక మంచి గుణం, ఒక చెడ్డ గుణం ఉండేవి. మంచిది చేతుల్లో ఉండేది, చెడ్డది కడుపులో ఉండేది. చేతులు ఎంత నేర్పుగా పనిచేసేవో కడుపు అంత సులువుగా మండేది. ఎదుటి సోడా కొట్టుకు ఎండాకాలంలో జనం ఎక్కువగా వచ్చినా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. "వానికేమి, కూర్చున్న చోటే గోళీ నొక్కితే చాలు" అని భార్య నాగవేణమ్మతో అనేవాడు. సోడా అమ్మేవాడి మీదే అంత మంట ఉంటే, తన పనిలోనే తనను మించిపోయేవాడు వస్తే ఆయన గతి ఏమిటో మీరే ఊహించుకోండి. అలాంటివాడు వచ్చాడు. పైగా ఇంట్లోవాడే వచ్చాడు.

బీరప్పది తుంబలహళ్లిలో గొర్రెలు మేపుకునే కుటుంబం. తండ్రి మందను అప్పగించి పంపితే, కొడుకు మందను వదిలేసి రోడ్డు మీద పోయే బస్సు వెంట పరుగెత్తేవాడు. ఆ రోజుల్లో బస్సు మిట్ట ఎక్కలేక ఆగిపోతే తోయడానికి మనుషులు కావాలి. అలా తోసి తోసి డ్రైవరుకు నచ్చి, క్లీనరుగా ఎక్కి, సేలంలో ఒక తమిళ మేస్త్రి దగ్గర తిట్లూ మొట్టికాయలూ తిని పని నేర్చాడు. మీసాలు వచ్చేసరికి ధర్మపురికి తిరిగి వచ్చి సొంతంగా షెడ్డు వేశాడు.

పెద్ద యుద్ధం రోజులు ఆయనకు బాగా కలిసి వచ్చాయి. పెట్రోలు దొరకదు, కొత్త సామాను రాదు. బస్సుల వెనక బొగ్గుల పొయ్యి కట్టి ఆ పొగతోనే నడిపేవారు. విరిగినదాన్ని అతికించి, అరిగినదాన్ని సాగదీసి, ఒక బండి పళ్ళ చక్రాన్ని మరో బండికి ఇమిడ్చి నడిపించడం బీరప్పకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. పెన్నాగరం బస్సు డ్రైవర్లు ఆయనను చూస్తే బీడీ దాచేవారు. ఎవరికీ తలవంచని బస్సుల యజమాని, ముదలాళి కూడా షెడ్డు ముందు చెప్పులు విడిచి నిలబడేవాడు.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉండేది. అది కూడా బీరప్ప పెట్టిందే. పెద్ద పని జరిగిన బండి ఏదైనా సరే, దిష్టి తీయకుండా వాకిలి దాటకూడదు. బూడిదగుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, బండి ముందు నిలబడి మూడుసార్లు తిప్పి నేలకు కొట్టాలి. ఆ సమయంలో ఇంజను నడుస్తూ ఉండాలి. "నిద్రపోయేవానికి ఎవరైనా హారతి ఇస్తారా? బండి మేలుకొని ఉండాల, అప్పుడే దానికి అంటుతాది" అనేవాడు ఆయన. గుమ్మడికాయ పట్టుకునే హక్కు మాత్రం షెడ్డులో పెద్ద మేస్త్రిది. మరో చెయ్యి దాన్ని ముట్టకూడదు. ఇంజను గురగురమంటుంటే, జనం చుట్టూ నిలబడితే, మంట చేతపట్టి బండి ముందు నిలబడే ఆ ఘడియ కోసమే ఆయన మిగతా పనంతా చేసేవాడేమో అనిపించేది.

ఇక ఇంట్లోవాడి సంగతి. నాగవేణమ్మ తమ్ముడు చిక్కణ్ణ తల్లి పోయాక అక్క దగ్గరే పెరిగాడు. బావ దగ్గరే పని నేర్చాడు. యుద్ధంలో పటాలంలో చేరితే, బెంగుళూరులో అమెరికా బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో వేశారు. యుద్ధం ముగిశాక బూట్లు, ఖాకీ నిక్కరు, తళతళలాడే స్పానర్ల పెట్టెతో దిగాడు. వేరే షెడ్డు పెట్టుకోకుండా బావ షెడ్డులోనే చేరాడు. "సొంతంగా పెట్టుకోరా" అని బీరప్ప ఎంత మర్యాదగా చెప్పినా వినలేదు. "నీవు ఉండగా నాకేమి వేరే షెడ్డు బావా" అన్నాడు.

ఆ మాటలో వంకర ఉందేమోనని బీరప్ప చాలా రోజులు వెతికాడు. దొరకలేదు. అది దొరకకపోవడం కూడా ఆయనకు కష్టంగానే ఉండేది. కొద్ది నెలలకే డ్రైవర్లు లోపలికి తొంగిచూసి "చిన్న మేస్త్రి ఉండాడా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట వినపడినప్పుడల్లా బీరప్ప చేతిలోని సుత్తి అవసరం కన్న గట్టిగా పడేది.

అప్పుడు మారండహళ్ళి వెంకటలక్ష్మమ్మ కారు వచ్చింది. ఆమె మామిడితోటల ఆసామి, భర్త పోయినప్పటి నుంచి సేద్యమంతా తానే చూసుకునే మనిషి. చిన్నప్పుడు బండి మీద నుంచి పడి ఎడమకాలు చచ్చుబడింది. నలభై ఏడులో దొరలు మూటాముల్లె సర్దుకుని పోతున్నప్పుడు, బెంగుళూరులో ఒక దొర దగ్గర ఆమె నలభై ఒకటో సంవత్సరం మోడల్ అమెరికా కారు కొన్నది. దానికి క్లచ్చి లేదు. గేరు తనంతట తానే మారుతుంది. కుడికాలు ఒక్కటి చాలు. మగవాళ్ళే కారు నడపడం అరుదైన ఆ ఊళ్ళో, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని ఆమె తానే నడుపుకుంటూ వస్తే బజారు బజారంతా నోరు తెరిచేది.

ఒకనాడు ఆ కారు గేరు జారడం మొదలుపెట్టింది. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. ఆమె షెడ్డుకు వచ్చిన రోజు చిక్కణ్ణ ఊళ్ళో లేడు. బీరప్ప లోలోపల సంతోషించాడు. కిందికి దూరి గేరుపెట్టె అడుగు పళ్ళెం విప్పి చూస్తే ఆయనకు తెలిసిన పళ్ళ చక్రం ఒక్కటీ కనపడలేదు. పట్టీలు, బిళ్ళలు, తేనెపట్టులో ఉన్నట్టు సన్నని కంతలు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. అరిగిన గేర్లన్నిటికీ తాను చేసే వైద్యమే చేశాడు. చిక్కని గేరు నూనెలో గానుగ ఆముదం కలిపి నిండా పోశాడు. బస్సు గేర్లకు అది అమృతమే. ఆ సన్నని కంతలకు మాత్రం విషమైంది. కారు షెడ్డు వాకిలి దాకా కూడా పోలేదు.

"దాని ఆయుస్సు అంతే అమ్మా. అమెరికావాని సరుకు, మన ఎండకు ఆగదు" అని చెప్పి చేతులు తుడుచుకున్నాడు.

చిక్కణ్ణ తిరిగి వచ్చి పళ్ళెం విప్పాడు. వేలితో నూనె తీసి చూశాడు, వాసన చూశాడు. చిక్కణ్ణ వేలు గుడ్డకు తుడుచుకుని, "పాతది రొంబ అరిగిపోయినాది బావా, ఇంక పనికి రాదు" అన్నాడు, అంతే. ఆముదం మాట ఎత్తలేదు. ఎప్పుడో నలుగురిలో ఎత్తడానికి దాచుకున్నాడని బీరప్ప అనుకున్నాడు. తానైతే అలాగే దాచుకునేవాడు.

"ఇదే కంపెనీ బండి, నలభై ఆరో మోడల్, బెంగుళూరులో చెట్టుకు గుద్దుకొని పడి ఉండాది" అన్నాడు చిక్కణ్ణ వెంకటలక్ష్మమ్మతో. "దాని గేరుపెట్టె బాగానే ఉండాది. మన బండికి ఎక్కించి చూస్తాను. నడుమ అయిదేండ్ల తేడా ఉండాది కాబట్టి అన్నీ కలవవు. కలపాల."

"కలుపు నాయనా" అన్నది ఆమె. "ఈ బండి లేకుంటే మళ్ళీ ఇద్దరు మనుషులు నన్ను మూట మాదిరి ఎత్తి ఎడ్లబండిలో పెట్టాల. దీన్ని ఎవరు లేపితే వాళ్ళే నాకు పెద్ద మేస్త్రి."

షెడ్డులో అందరూ విన్నారు. సోడా కొట్టువాడు కూడా విన్నాడు. ఇన్నేళ్ళ పేరు ఒక ఆడమనిషి నోటిమాటతో చేయి మారబోతోందని బీరప్పకు అర్థమైంది. ఆ రాత్రి ఆయన కంటికి కునుకు రాలేదు.

పాత గేరుపెట్టె దిగింది, కొత్తది లారీలో వచ్చింది. ఇంజను పక్క రంధ్రాలు సరిగ్గా సరిపోయాయి. చిక్కణ్ణ నవ్వాడు, బీరప్ప నవ్వలేదు. వెనక పక్క మాత్రం కొత్తది రెండు వేళ్ళ పొడుగు ఎక్కువ. గేరుపెట్టెను ఆనించే దూలానికి వేరే చోట తూట్లు వేయాలి. వెనక చక్రాలకు పోయే షాఫ్టును ఆ మేరకు కోసి మళ్ళీ అతికించాలి. వెంట్రుకవాసి వంకర ఉన్నా బండి వణికి చస్తుంది.

"ఇది నీవే చేయాల బావా" అన్నాడు చిక్కణ్ణ. "నా చేతికి రాదు."

బీరప్ప చేశాడు. అసూయ ఎంత ఉన్నా ఇనుము చేతికి వస్తే ఆయనకు తప్పుడు పని చేయడం రాదు. షాఫ్టు కొలిచి, కోసి, అతికించి, తిప్పి తిప్పి చూసి, కొత్తదాని కన్న నేరుగా నిలబెట్టాడు. "ఏమి చెయ్యి బావా నీది!" అన్నాడు చిక్కణ్ణ. ఆ పొగడ్త కూడా బీరప్పకు జాలి పడ్డట్టు వినపడింది.

ఆ మరునాడు బీరప్ప కారు కింద పడుకుని దూలం బోల్టులు బిగిస్తున్నాడు. పైన చిక్కణ్ణ స్టీరింగు దగ్గరి గేరు పిడిని కింది గేరుపెట్టెకు కలిపే కడ్డీ తగిలించి పోయాడు. అది పాత కారు కడ్డీయే. కొత్త పెట్టెకు ఆ కడ్డీ తగిలే ఇనుప చెయ్యి కొంచెం పొట్టిది. ఊరికే ఆ చేతిని పట్టుకుని కదిపి చూసిన బీరప్ప వేళ్ళకు ఒక సంగతి తెలిసింది. పైన పిడి చివరిదాకా పోయి ఆగినా, కింద చెయ్యికి ఇంకా ఒక మెట్టు మిగిలే ఉంది. అంటే పైన గేరు చూపించే ముల్లు ఏ గేరూ లేని సున్నా దగ్గర ఉన్నా లోపల బండి ముందు గేరులోనే ఉంటుంది. ఏ గేరూ లేదనుకుని స్టార్టు చేస్తే బండి తనంతట తానే కదిలిపోతుంది.

"ఒరే చిక్కా" అని పిలవడానికి నోరు తెరిచాడు. మూశాడు. మిగతా బోల్టులు నెమ్మదిగా బిగించి బయటికి వచ్చాడు.

ఏమవుతుంది? బండి ఎగిరి గోడకు కొట్టుకుంటుంది, లైటు పగులుతుంది. చిన్న మేస్త్రి పరువు పోతుంది. అప్పుడు తాను కిందికి దూరి, కడ్డీ సరిచేసి, అందరి ముందు లేస్తాడు. వెంకటలక్ష్మమ్మ మాట ప్రకారం పెద్ద మేస్త్రి ఎవరో అప్పుడు తేలుతుంది. మరి దిష్టి తీస్తూ బండి ముందు నిలబడేది ఎవరు? కారు లేపినవాడు కాబట్టి గుమ్మడికాయ చిక్కణ్ణే పట్టుకుంటాడు. బండి కదిలితే పక్కకు దూకుతాడు, వయసులో ఉన్నవాడే కదా. అంతకు మించి ఆలోచించడానికి బీరప్ప ఇష్టపడలేదు.

ఆ రాత్రి రాగిముద్దలు ఇష్టంగా తిన్నాడు. "ఏమి, ఈ పొద్దు ఇంత కుశాలగా ఉండావు?" అని నాగవేణమ్మ ఆశ్చర్యపోయింది. మరుసటి రోజు షెడ్డు మొహం కూడా చూడకుండా సంతకు పోయి తిరిగాడు. దగ్గర ఉంటే నోరు జారుతుందేమోనని భయం.

శుక్రవారం పొద్దున వెంకటలక్ష్మమ్మ వచ్చింది. షెడ్డు ముందు జనం పోగయ్యారు. బస్సు డ్రైవర్లు, ఎడ్లబండ్లవాళ్ళు, సోడా కొట్టువాడు, అన్నం క్యారియరు తెచ్చిన నాగవేణమ్మ. కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆమె ఎక్కి కూర్చుని, చచ్చుబడిన కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. బీరప్ప జనంలో వెనక్కి నిలబడ్డాడు. మొహం మీదికి నవ్వు తెచ్చుకున్నాడు.

చిక్కణ్ణ గుమ్మడికాయ తీసుకుని, కర్పూరం పెట్టి, జనాన్ని తోసుకుంటూ నేరుగా బావ దగ్గరికి వచ్చాడు.

"రా బావా. ఇది నీవు పట్టుకోవాల్సింది."

"కారు లేపినోనివి నీవు కదరా" అన్నాడు బీరప్ప.

"నన్ను లేపినోనివి నీవు" అన్నాడు చిక్కణ్ణ అందరికీ వినపడేటట్టు. "ఈ షెడ్డులో నీవు ఉండగా వేరే చెయ్యి దీన్ని ముట్టకూడదు."

జనం సెబాసన్నారు. గుమ్మడికాయ చేతికి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో బీరప్ప కడుపులో మంట చల్లారిపోయింది. తన పేరు తనకే ఉంది. ఎవరూ తీసుకోలేదు. రొమ్ము విరుచుకుని కారు ముందుకు పోయి నిలబడ్డాడు. చిక్కణ్ణ అగ్గిపుల్ల గీసి కర్పూరం వెలిగించాడు. అప్పుడు గుర్తొచ్చింది.

ఇంజను నడవాలి. తాను పెట్టిన ఆచారం. కారు ముక్కుకీ తన మోకాళ్ళకీ మధ్య మూరెడు చోటు కూడా లేదు. వెనక జనం ఒత్తుకుని గోడ కట్టినట్టు నిలబడ్డారు, పక్కకు దూకడానికి సందు లేదు. అద్దం వెనక వెంకటలక్ష్మమ్మ దేవుడికి దండం పెట్టుకుని స్టార్టరు వైపు చెయ్యి చాపింది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కాళ్ళు పోతాయి.

"ఆపమ్మా! ఆపు!" అని అరిచాడు. "ముట్టవద్దు! గేరు కడ్డీ ఒక మెట్టు తప్పి ఉండాది! ముల్లు సున్నా చూపిస్తాది, లోపల గేరులో ఉండాది! స్టార్టు చేస్తే నా మీదికి వస్తాది!"

చిక్కణ్ణ దగ్గరికి వచ్చాడు. బావ చెవికి మాత్రమే వినపడేటంత మెల్లగా చెప్పాడు. "నిన్న మధ్యాన్నమే సరిచేసినాను బావా. వెనక చక్రాలు దిమ్మెల మీదికి లేపి స్టార్టు చేస్తే, సున్నాలో పెట్టినా చక్రాలు తిరిగినాయి. కడ్డీ కోసి కొలతకు తెచ్చినాను."

అంతవరకే చెప్పాడు. "నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడగలేదు. కానీ చూశాడు. దూలం బోల్టులు ఎవరు బిగించారో, ఆ రోజు కారు కింద ఎవరు పడుకున్నారో అతనికి తెలుసు. ఆ చూపులో కోపం వస్తూ వస్తూ ఆగిపోవడం బీరప్ప కళ్ళారా చూశాడు. సిగ్గుతో ఆయన తల కొట్టేసినట్టయింది.

వెంకటలక్ష్మమ్మ కిటికీలో నుంచి తల బయటికి పెట్టింది. "ఏమి మేస్త్రీ, తప్పు ఉన్నట్టు తెలిసినప్పుడు ముందే యాల చెప్పలేదు? నేను ఎక్కి కూర్చున్నంక చెప్పేదా?"

అందరి కళ్ళూ బీరప్ప మీద పడ్డాయి. నాగవేణమ్మ కళ్ళు కూడా. గుమ్మడికాయను రొమ్ముకు హత్తుకుని నిలబడిపోయాడు.

"ముందే చెప్పినాడమ్మా" అన్నాడు చిక్కణ్ణ.

తడబడలేదు, నీళ్ళు నమలలేదు. "కింద పడుకొని వేళ్ళతోనే కనిపెట్టి చెప్పినాడు. ఆయన చెప్పినందుకే నేను చక్రాలు లేపి చూసినాను. నిన్న బావ సంతకు పోయినప్పుడు సరిచేసినాను, ఆ సంగతి ఆయనకు చెప్పేది మరిచిపోయినాను. తప్పు నాది. ఇప్పుడు ఏమీ భయం లేదు, స్టార్టు చేయండి."

"అదీ గురువంటే!" అన్నది వెంకటలక్ష్మమ్మ. "వేళ్ళతోనే కనిపెట్టినాడంట, చూడండి. నా ప్రాణం కాపాడినావు మేస్త్రీ." డ్రైవర్లు తలలూపారు. సోడా కొట్టువాడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఇంజను నడిచింది. కారు అంగుళం కదలలేదు, పాలు తాగిన లేగలా సద్దు లేకుండా నిలబడింది. బీరప్ప గుమ్మడికాయ మూడుసార్లు తిప్పి నేలకు కొట్టాడు. నిమ్మకాయలు చిట్లాయి. వెంకటలక్ష్మమ్మ ఒక్క కాలితో కారు నడుపుకుంటూ మారండహళ్ళి వైపు సాగిపోయింది.

జనం పోయాక బీరప్ప తిట్ల కోసం ఎదురుచూశాడు. తిడితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. నీకు పని నేర్పిందెవరు, అన్నం పెట్టిందెవరు, ఇలాంటివి. చిక్కణ్ణ మాత్రం చేతులు కడుక్కుని, "పెన్నాగరం బస్సు బ్రేకులు చూడాల బావా, ఆ జాకీ ఇట్ల తోయి" అన్నాడు. బీరప్ప పోయి జాకీ తోశాడు.

ఇంటికి పోతే నాగవేణమ్మ ముద్ద మీద నెయ్యి ఎక్కువ వేసింది. "తమ్ముడు చెప్పినాడు. నీ వేళ్ళే లేకుంటే ఈ పొద్దు పెద్ద కొంప మునుగుతుండె అంట" అన్నది. ఆమె కళ్ళల్లో గర్వం చూసి బీరప్ప పళ్ళెం పక్కకు జరిపాడు. ఇంట్లో కూడా అబద్ధం ఆడాడు వాడు. అంత బాగా, అంత సులువుగా. పనిలో మించిపోయాడంటే, పోనీ, బెంగుళూరులో అమెరికావాళ్ళు నేర్పారు అనుకోవచ్చు. ఇది ఎవరు నేర్పారు? తాను మాత్రం నేర్పలేదు. తాను నేర్పిన వాటిలో ఇది లేదు. అది తలచుకుంటే ఆయన కడుపు మునుపటి కన్న ఎక్కువ మండింది.

ఆ తరువాత బీరప్ప చాలా ఏళ్ళు బతికాడు. వేళ్ళతో తప్పు కనిపెట్టిన మేస్త్రి అని సేలం దాకా పేరు పోయింది. కొత్త డ్రైవరు ఎవరు వచ్చినా పాతవాళ్ళు ఆ కథ చెప్పేవారు, ఆయన తల ఊపవలసి వచ్చేది. చిక్కణ్ణ పక్కనే ఉండి, "ఆమా, బావే చెప్పినాడు" అని ప్రతిసారీ సాక్ష్యం పలికేవాడు. ఒక్కసారైనా వాడు కోపంతో నిజం కక్కేస్తే బాగుండును, ఇద్దరం సమానమైపోతాం అని బీరప్ప ఎదురుచూశాడు. చచ్చేదాకా ఎదురుచూశాడు. చిక్కణ్ణ చెప్పలేదు.